స్కాట్లాండ్ తీరంలో గోల్ఫ్: వానకు, గాలికి ఏం వేసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

గోల్ఫ్ పిచ్చి పట్టినవాళ్లెవరికైనా జీవితంలో ఒక్కసారి స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో ఆడాలని ఉంటుంది. హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో ఆ పని మీద బయల్దేరేవాళ్లు, యూకేలో ఉద్యోగాలు చేసుకుంటూ అక్కడి క్లబ్బుల్లో చేరిన మనవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలివి. ఏది కొనాలి, ఏది అక్కర్లేదు అన్నచోట నా అభిప్రాయం సూటిగా చెప్పాను. నియమాలు వచ్చినచోట గోల్ఫ్ నియమాలు రూపొందించే సంస్థలు ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ కలిసి ఇచ్చిన 2023 నియమావళిని అనుసరించాను.

అక్కడ నిజంగా అంత వాన పడుతుందా?

లెక్కేస్తే హైదరాబాద్‌లో ఏడాదికి పడే వానే ఎక్కువ. సెయింట్ ఆండ్రూస్ స్కాట్లాండ్ తూర్పు తీరాన ఉంది, పడమటి తీరంతో పోలిస్తే అక్కడ వాన బాగా తక్కువ. కాకపోతే మనకు నాలుగు నెలల్లో కుండపోతగా పడి పోయేది వాళ్లకు ఏడాది పొడవునా తుంపరలుగా, జల్లులుగా పడుతూనే ఉంటుంది. దానికి సముద్రం మీంచి వచ్చే గాలి తోడు. జూలైలో కూడా మధ్యాహ్నం 18, 19 డిగ్రీలు దాటని రోజులే ఎక్కువ. చెట్టు నీడ లేని ఇసుక నేల కాబట్టి గాలికి అడ్డం ఉండదు. వాన నిట్టనిలువుగా కాకుండా పక్కనుంచి కొడుతుంది, మెడలోంచి, చేతుల అంచుల్లోంచి లోపలికి దూరుతుంది.

ఇంకొకటుంది. ఎండ కాస్తున్న రోజున కూడా ఉత్తర సముద్రం మీంచి ‘హార్’ అనే పొగమంచు తీరానికి ఎక్కి వస్తుంది. కాసేపట్లోనే చలి పుడుతుంది, వాన చుక్క పడకుండానే బట్టలు చెమ్మగిల్లిపోతాయి. అందుకే ఆకాశం చూసి జాకెట్ హోటల్ గదిలో వదిలేయకండి.

పరిమితమైన డబ్బుంది. ముందు దేని మీద పెట్టాలి?

చేతుల మీద, ఆ తర్వాత పాదాల మీద, అప్పుడు ఒంటి మీద. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ఖరీదైన జాకెట్ కొని, గ్లవ్స్ దగ్గరకొచ్చేసరికి ఎండాకాలం తోలు గ్లవ్ ఒక్కటే పట్టుకుని దిగుతారు. భుజాలు తడిస్తే చిరాకుగా ఉంటుంది, అంతే. అరచేతిలో గ్రిప్ (క్లబ్‌ను పట్టుకునే పిడి) జారితే మాత్రం స్వింగ్ మధ్యలో క్లబ్ తిరుగుతుంది. జారుతుందన్న భయంతో మీకు తెలియకుండానే పిడికిలి బిగుస్తుంది, ముంజేతులు గట్టిపడతాయి, ఇక ఆ రోజు ఆట పోయినట్టే.

పైగా వాన గ్లవ్స్ జత జాకెట్ ధరలో చిన్న భాగానికే వస్తుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే వస్తువు ఈ పేజీలో ఇంకొకటి లేదు.

వాన గ్లవ్స్‌లో అంత తేడా ఏముంది?

మామూలు గోల్ఫ్ గ్లవ్ పలుచటి గొర్రె తోలుతో చేస్తారు. పొడిగా ఉన్నంతసేపు దాన్ని మించింది లేదు. తడిస్తే జారుతుంది, ఆరాక గట్టిపడి పగుళ్లిస్తుంది. వాన గ్లవ్ అరచేయి భాగం స్వెడ్‌లా నూగున్న కృత్రిమ బట్ట. తడి తగిలాక దాని పట్టు ఇంకా పెరుగుతుంది. పొడి గ్రిప్ మీద కాస్త వదులుగా అనిపిస్తే కొందరు కావాలనే నీళ్లు చిలకరించుకుంటారు.

వీటిని జతగా అమ్ముతారు, రెండు చేతులకూ వేసుకోవాలి. రెండు చేతులకూ గ్లవ్ ఏమిటని మొహమాటపడేవాళ్లున్నారు. అమెరికా ప్రొఫెషనల్ పోటీల వరుస పీజీఏ టూర్‌లో టామీ గెయినీ ఎండలో కూడా రెండు గ్లవ్స్‌తోనే ఆడేవాడు, ఆయనకు ‘టూ గ్లవ్స్’ అనే పేరే పడింది. నియమాల ప్రకారమూ అభ్యంతరం లేదు. పట్టుకు అక్రమంగా సాయపడే మందపాటి దిండు లాంటివి లేకపోతే చాలు.

ఓ మాట గుర్తుపెట్టుకోండి: వాన గ్లవ్ వెచ్చదనం కోసం కాదు, వేళ్లు చల్లబడతాయి. షాట్‌కీ షాట్‌కీ మధ్య పైనుంచి వేసుకోవడానికి వదులుగా ఉండే ఉన్ని మిట్టెన్ల జత బ్యాగులో ఉంచుకోండి.

జాకెట్ మీద ‘వాటర్‌ప్రూఫ్’, ‘వాటర్ రెసిస్టెంట్’ అని రెండు రకాలు కనిపిస్తాయి. ఏది తీసుకోవాలి?

స్కాట్లాండ్‌కైతే వాటర్‌ప్రూఫే, అందులో రెండో మాట లేదు. వాటర్ రెసిస్టెంట్ అంటే కాసేపు జల్లును ఆపుతుంది. ఒక రౌండ్, అంటే పద్దెనిమిది హోల్స్ ఆట, నాలుగు గంటల పైమాటే, నడుస్తూనే ఉంటారు. ఆ బట్ట అంతసేపు నిలవదు.

లేబుల్ మీద 10,000 మి.మీ., 20,000 మి.మీ. అని ఉండే అంకె, బట్ట మీద ఎంత ఎత్తు నీటి స్తంభం నిలబెడితే నీళ్లు ఇవతలికి రావడం మొదలవుతుందో చెబుతుంది. 10,000 ఉంటే విడతలు విడతలుగా పడే జల్లులకు సరిపోతుంది. రోజంతా ముసురు పట్టే చోటికైతే 15,000 పైన చూసుకోండి. రెండో అంకె ఒంటి ఆవిరి బయటికి పోయే సామర్థ్యం. అదీ 10,000 పైన ఉంటే మంచిది. గోర్‌టెక్స్ లాంటి పొరల్లో ఉండే రంధ్రాలు ఎంత సన్నవంటే నీటి చుక్క దూరలేదు, చెమట ఆవిరి మాత్రం పోగలదు. ఆ పేరున్నదే కొనాలని లేదు, సొంత పొరలతో చేసిన మంచి జాకెట్లు చాలా కంపెనీలవి దొరుకుతాయి.

కొట్లో అంకెలు చదివాక జాకెట్ తిరగేసి చూడండి. లోపల ప్రతి కుట్టు మీదా టేపు అతికించి ఉండాలి. సూది గుచ్చిన ప్రతిచోటా ఒక రంధ్రం పడినట్టే కదా, టేపు లేకపోతే బట్ట ఎంత గొప్పదైనా నీళ్లు అక్కడినుంచే వస్తాయి. జిప్ వెనక అడ్డుపట్టీ ఉందా, మణికట్టు దగ్గర బిగించుకునే పట్టీ ఉందా అన్నవీ అప్పుడే చూసుకోండి.

2010లో వేల్స్‌లోని కెల్టిక్ మేనర్‌లో అమెరికా, యూరప్ జట్ల మధ్య రైడర్ కప్ జరిగింది. మొదటి రోజే కుండపోత వాన, ఆట ఏడు గంటలకు పైగా ఆగిపోయింది. అమెరికా జట్టు వేసుకొచ్చిన రెయిన్ సూట్లు నీళ్లు పీల్చేశాయి. మైదానంలో అభిమానుల కోసం పెట్టిన దుకాణం నుంచే వాళ్లకు కొత్తవి కొనిపెట్టాల్సి వచ్చింది. చివరికి ఆ పోటీ సోమవారం దాకా సాగింది, అమెరికా ఒక్క పాయింటు తేడాతో ఓడింది. వాన బట్టలను ఎండలో తొడిగి చూసి బాగున్నాయనుకోవడం ఎంత పెద్ద జట్టుకైనా చాలదు. కొన్నాక షవర్ కింద పది నిమిషాలు నిలబడి చూడండి.

సైజు ఎలా చూసుకోవాలి?

లోపల వేసుకోబోయే స్వెట్టర్‌తో సహా తొడుక్కుని కొట్లోనే స్వింగ్ చేయండి. క్లబ్ లేకపోయినా ఫరవాలేదు, చేతులు జోడించి పూర్తిగా వెనక్కి తీసుకెళ్లండి. వీపు మీద బట్ట లాగితే చిన్నదైనట్టు. పట్ (బంతిని హోల్‌లోకి దొర్లించే చిన్న దెబ్బ) కొట్టేలా వంగినప్పుడు ముందుభాగం సంచిలా వేలాడితే పెద్దదైనట్టు. ఆ వేలాడే బట్టే గాలికి రెపరెపలాడి చికాకు పెడుతుంది. ట్రెక్కింగ్ జాకెట్లు చవగ్గా, గట్టిగా ఉంటాయని కొందరు అవే తెచ్చుకుంటారు. వానకు ఆగుతాయి గానీ భుజం తిరగనివ్వవు, కదిలినప్పుడల్లా కరకరమంటాయి. గోల్ఫ్ కోసం కుట్టినవి సాగే బట్టతో, మెత్తగా, చప్పుడు లేకుండా ఉంటాయి. ఆ తేడాకి డబ్బు పెట్టొచ్చు.

ప్యాంటు మీద వాన ప్యాంటు అవసరమా? జాకెట్ ఒక్కటీ చాలదా?

చాలదు. జాకెట్ మీంచి జారిన నీళ్లన్నీ తొడల మీదికే వస్తాయి. తడిసిన ప్యాంటు కాళ్లకు అంటుకుని గాలికి చల్లబడితే పదో హోల్‌కల్లా వణుకు పుడుతుంది. వాన ప్యాంటుకు మోకాలి దాకా పక్క జిప్ ఉండాలి. జల్లు ముంచుకొస్తుంటే బూట్లు విప్పే తీరిక ఉండదు, బూట్ల మీంచే ఎక్కించగలగాలి. లోపలి ప్యాంటు జేబుల్లోకి చేయి పోయేలా పక్కన చీలికలుంటే ఇంకా మేలు, టీలు (బంతిని నిలబెట్టే పుల్లలు), బంతులు ఉండేది అక్కడే. వాన మొదలయ్యాక కాదు, మొదటి చుక్క పడబోతున్నప్పుడే తొడుక్కోండి. తడిసిన ప్యాంటు మీద వేసుకుంటే తడిని లోపల బంధించినట్టే.

లోపల ఏం వేసుకోవాలి?

నూలు మాత్రం వద్దు. మన ఎండకు నూలును మించింది లేదు గానీ, అక్కడ అది చెమటనూ చెమ్మనూ పీల్చుకుని ఒంటికి చల్లగా అంటుకుపోతుంది. ఒంటిని ఆనుకుని మెరినో ఉన్ని బనియన్ గానీ పాలిస్టర్ బేస్ లేయర్ గానీ, దాని మీద కాలర్ ఉన్న టీషర్టు, ఆపైన పలుచటి స్వెట్టర్ లేదా చేతుల్లేని జాకెట్. ఒక్క మందపాటి స్వెట్టర్ కన్నా రెండు పలుచటివి నయం, అవసరాన్ని బట్టి తీయొచ్చు, వేయొచ్చు. చేతుల్లేని జాకెట్ నాకు బాగా నచ్చిన వస్త్రం: గుండె వెచ్చగా ఉంటుంది, భుజాలు స్వేచ్ఛగా తిరుగుతాయి.

వాన లేకుండా గాలి మాత్రమే ఉన్న రోజుకు పలుచటి విండ్‌షర్టు వేరే ఉంచుకోండి. అక్కడ ఎక్కువ రోజులు పనికొచ్చేది అదే. వాటర్‌ప్రూఫ్ జాకెట్‌ను రోజూ గాలికి వేసుకుంటే లోపల చెమట పడుతుంది. జీన్సు ప్యాంట్లు చాలా క్లబ్బుల్లో రానివ్వరు కాబట్టి పెట్టెలో వాటికి చోటివ్వకండి.

టోపీ, కళ్లద్దాల సంగతి?

గాలి ఎక్కువగా ఉంటే చెవులు కప్పే ఉన్ని టోపీ. వానకైతే ముందు అంచున్న వాటర్‌ప్రూఫ్ క్యాప్ లేదా చుట్టూ అంచుండే బకెట్ టోపీ. జాకెట్ హుడ్ నడిచేటప్పుడు వాడండి, షాట్ కొట్టేటప్పుడు వెనక్కి తోసేయండి. తల తిరిగినా హుడ్ తిరగదు, కంటికి అడ్డొస్తుంది. మెడకు గొట్టంలా తొడుక్కునే స్నూడ్ చిన్న వస్తువే అయినా కాలర్‌లోంచి దిగే నీటిని ఆపుతుంది.

కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు క్యాప్ అంచు తప్పనిసరి. తుడుచుకునే మెత్తటి గుడ్డలు రెండు మూడు, తడి తగలని జిప్ కవర్లో వేసి లోపలి జేబులో ఉంచుకోండి. జాకెట్ అంచుతో తుడిస్తే మసకే మిగులుతుంది.

గొడుగు వాడొచ్చా? కేడీ పట్టుకోవచ్చా?

వాడొచ్చు, కానీ షాట్ కొట్టే క్షణంలో మీ తల మీద కేడీ (బ్యాగు మోసే సహాయకుడు) గానీ ఇంకెవరైనా గానీ గొడుగు పట్టకూడదు. నియమం 10.2బి ప్రకారం మొత్తం దెబ్బలు లెక్కించే స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకుల పెనాల్టీ పడుతుంది, హోల్ హోల్‌కూ గెలుపు తేల్చే మ్యాచ్ ప్లేలో ఆ హోల్ పోతుంది. మీ గొడుగు మీరే ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో చిన్న పట్ కొట్టేయడం మాత్రం తప్పు కాదు.

గాలి లేని వానలో 60 అంగుళాలకు పైనున్న, రెండు పొరల గొడుగు గొప్ప ఆసరా. పొరల మధ్య సందులోంచి గాలి పోతుంది కాబట్టి తొందరగా తిరగబడదు. గాలికి ఎదురుగా వంచి పట్టుకోండి. దాని అసలు పని మీ తలను కాపాడటం కాదు, గ్రిప్పులను, టవల్‌ను కాపాడటం. పొడి టవల్‌ను గొడుగు లోపలి ఊచకు తగిలించండి, ఆడబోయే క్లబ్ గ్రిప్‌ను గొడుగు నీడలోనే తుడవండి. ఈదురుగాలి మొదలైతే మడిచి బ్యాగులో పెట్టేయండి. దాంతో కుస్తీ పట్టి అలిసిపోవడం కన్నా తడవడమే నయం.

బూట్లు, సాక్స్?

వాటర్‌ప్రూఫ్ అని గ్యారంటీతో అమ్మే బూట్లు కొనండి. తడిగడ్డి మీద, ఇసుక దిబ్బల వాలుల మీద కాలు జారకుండా మెత్తటి స్పైకులున్నవి మేలు. స్పైకులు అరిగిపోయి ఉంటే ప్రయాణానికి ముందే మార్పించుకోండి. సాక్స్ ఉన్నివి, రెండు జతలు. తొమ్మిదో హోల్ దగ్గర పొడి సాక్స్ మార్చుకుంటే మిగతా సగం కొత్తగా మొదలుపెట్టినట్టుంటుంది. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌లో మాత్రం తొమ్మిదో హోల్ క్లబ్‌హౌస్‌కు దూరంగా, కోర్సు ఆ చివర ఉంటుంది. అక్కడ కోర్సు ఒకే దిక్కుగా వెళ్లి, వెనక్కి తిరిగి వస్తుంది. వెళ్లేటప్పుడు వీపున తోసిన గాలి వచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. వెచ్చటి పొర, పొడి గ్లవ్స్ ఆ రెండో సగానికి దాచుకోండి.

బ్యాగులో ఇంకేం ఉండాలి?

టవళ్లు మూడు: ఒకటి బయట వేలాడుతూ బంతికీ క్లబ్ ముఖానికీ, ఒకటి గొడుగులో గ్రిప్పులకు, ఒకటి జిప్ కవర్లో ముట్టుకోకుండా దాచి. క్లబ్ ముఖం ప్రతిసారీ తుడవాల్సిందే. బంతికీ ముఖానికీ మధ్య నీటి పొర ఉంటే స్పిన్ పడిపోతుంది, బంతి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద ఆగదు. బ్యాగుకు వాన కవర్ వేయండి, స్కోర్ కార్డును పారదర్శకమైన కవర్లో పెట్టండి.

రబ్బరు గ్రిప్పులు పాతబడి నున్నబడితే ఎంత తుడిచినా జారతాయి. నూలు దారం కలిపిన కార్డ్ గ్రిప్పులు తడిలో బాగా పట్టునిస్తాయి గానీ చర్మానికి గరుకు. గ్రిప్ చుట్టూ టవల్ గానీ చేతిరుమాలు గానీ చుట్టి ఆడటం కూడా నియమాలకు లోబడినదే, అత్యవసరంలో పనికొస్తుంది.

చేతులు వేడిచేసుకునే ప్యాకెట్లు వాడొచ్చా?

నిరభ్యంతరంగా. అయితే ఆ ప్యాకెట్ ఉన్న జేబులోనే బంతి వేయకండి. కావాలని వేడిచేసిన బంతితో ఆడటం నిషేధం, దానికి శిక్ష పోటీ నుంచి తొలగింపే. ప్యాకెట్ ఒక జేబు, బంతులు ఇంకో జేబు.

ఇవే బట్టలు హైదరాబాద్ వానాకాలానికి పనికొస్తాయా?

సగం మాత్రమే. ఆవిరి బయటికి పోవాలంటే లోపల వేడి, తేమ ఎక్కువ, బయట తక్కువ ఉండాలి. జూలైలో గోల్కొండ నయా ఖిలా దగ్గర ఆడుతున్నప్పుడు బయటి గాలే వెచ్చగా, తేమతో బరువుగా ఉంటుంది. ఎంత ఖరీదైన జాకెట్టైనా గంటలో లోపలంతా చెమట. మన వానకు పొట్టిచేతుల పాలిస్టర్ టీషర్టు, దాని మీద అతి పలుచటి చేతుల్లేని వాన జాకెట్, పెద్ద గొడుగు, వాన గ్లవ్స్ చాలు. తడిసినా చలి పెట్టదు, తడవనివ్వండి. విశాఖలో సముద్రపు గాలి ఉంటుంది కాబట్టి విండ్‌షర్టు కూడా ఉంచుకోండి. మన దగ్గర అసలు ప్రమాదం తడవడం కాదు, పిడుగు.

ఎప్పుడు ఆపేయాలి?

ఉరుము వినిపిస్తే వెంటనే. పిడుగు ప్రమాదం ఉందని మీకు సహేతుకంగా అనిపిస్తే, పోటీ మధ్యలో అయినా మీ అంతట మీరే ఆపేసే హక్కు నియమం 5.7 ఇస్తుంది. ఆపాక వీలైనంత త్వరగా పోటీ నడిపే కమిటీకి చెప్పాలి. పొడవైన సైరన్ మోగితే షాట్ మధ్యలో ఉన్నా కొట్టకూడదు. గొడుగు మడిచేయండి, చెట్టు కిందికి పోకండి.

గాలికి ఆపాల్సిన రోజులూ ఉంటాయి. 2015లో సెయింట్ ఆండ్రూస్‌లో ఓపెన్ ఛాంపియన్‌షిప్ శనివారం గంటల తరబడి ఆగిపోయింది, గ్రీన్ల మీద బంతి నిలవలేదు. పోటీ సోమవారానికి జరిగింది. 2002లో అదే పోటీ మ్యూర్‌ఫీల్డ్‌లో జరిగినప్పుడు, ఆ ఏడాది మాస్టర్స్, యూఎస్ ఓపెన్ గెలిచి వచ్చిన టైగర్ వుడ్స్ శనివారం నాటి గాలివానలో 81 కొట్టాడు. ప్రొఫెషనల్‌గా అప్పటిదాకా ఆయన అంత చెడ్డ రౌండ్ ఆడలేదు. గోల్ఫ్‌లో స్కోరు ఎంత తక్కువైతే అంత మంచిది కదా, అలాంటి వాతావరణంలో మీ స్కోరు పది పెరిగితే దిగులు పడకండి. నిండా మునిగినవాడికి చలేమిటి అన్న సామెత మాత్రం ఇక్కడ పనికిరాదు. వణుకు మొదలై వేళ్లు మొద్దుబారితే ఆపేసి లోపలికి వెళ్లండి.

అన్నీ కొనే స్తోమత లేదు. వారం రోజుల యాత్రకు ఇంత అవసరమా?

లేదు. వాన గ్లవ్స్, ఉన్ని సాక్స్, మంచి బూట్లు ఇక్కడే సమకూర్చుకోండి. జాకెట్, ప్యాంటు గోల్ఫ్ ఆడే స్నేహితుల దగ్గర అడిగి తీసుకోండి. లేదా అక్కడికి వెళ్లాక పాత సీజన్ సరుకు కొనండి, రంగు పాతదైనా టేపు కొత్తదే. జాకెట్లు వంద పౌండ్ల లోపు నుంచి మూడు వందలు దాటే దాకా ఉంటాయి, మధ్య రకం సరిపోతుంది.

వీలైతే ఆదివారానికి చేరుకోండి. ఓల్డ్ కోర్స్‌లో మామూలుగా ఆదివారాలు ఆట ఉండదు, ఊళ్లో జనం పిల్లలతో, కుక్కలతో అక్కడ నడుస్తారు. తెచ్చుకున్న బట్టలన్నీ వేసుకుని ఆ చివరిదాకా నడిచి రండి. ఏది లాగుతోంది, ఎక్కడినుంచి గాలి దూరుతోంది అన్నది అప్పుడే తేలిపోతుంది.

ఆట అయ్యాక వీటిని ఎలా చూసుకోవాలి?

క్లబ్‌హౌస్‌లోకి వెళ్లేముందు తడి జాకెట్, వాన ప్యాంటు విప్పేయడం అక్కడి మర్యాద. తడివాటిని బ్యాగులోనో కారు డిక్కీలోనో వదిలేస్తే తెల్లారేసరికి ముక్కిపోయిన వాసన పట్టుకుంటుంది. హ్యాంగర్‌కు వేసి, జిప్పులు తెరిచి ఆరనివ్వండి. బూట్లలోంచి లోపలి అట్ట తీసి, న్యూస్‌పేపర్ ఉండలు కుక్కండి, గంట తర్వాత తడిసిన కాగితం తీసి కొత్తది పెట్టండి. హీటర్ మీద పెడితే తోలు బీటలు వారుతుంది, అతుకులు వదులుతాయి. గొడుగు తెరిచే ఆరబెట్టండి.

జాకెట్ చేయి మీద నీళ్లు చల్లి చూస్తుండండి. చేమాకు మీద బొట్టులా గుండ్రంగా జారిపోతే పైపూత బాగున్నట్టు. నల్లగా ఇంకి మరకలా పరుచుకుంటే లోపలి పొర ఇంకా నీటిని ఆపుతున్నా, తడిసిన పైబట్ట ఆవిరిని పోనివ్వదు. మీ చెమటే మీకు వానలా అనిపిస్తుంది. అప్పుడు వాటర్‌ప్రూఫ్ బట్టలకని అమ్మే ద్రవంతో, జిప్పులన్నీ మూసి ఉతకండి. బట్టలు మెత్తబడటానికి చివర్లో కలిపే ద్రవం వేయకూడదు, అది పూతను చెడగొడుతుంది. లేబుల్ ఒప్పుకుంటే డ్రైయర్‌లో తక్కువ వేడి మీద కాసేపు తిప్పండి, ఆ వేడికే పూత మళ్లీ పనిచేస్తుంది. దానికీ లొంగకపోతే చల్లుకునే స్ప్రే దొరుకుతుంది, భుజాలకు, చేతులకు ముందు కొట్టండి.